బంధువులు బయట ఉండాలి

గుంటూరులో హౌస్ సర్జన్లకు పాఠాలు చెప్పే డాక్టర్ తిరుపతిరావు తలకు తువాలు చుట్టుకుని, సిస్టర్ అమలమ్మ గొడుగును చేతికర్రలా పట్టుకుని, వీపు వంచి బల్ల మీద కూర్చున్నాడు. ఆ పూట నాటకంలో ఆయన ముసలాయన. పక్కన నిలబడ్డ ఏలూరు డాక్టరు ఆయన కొడుకు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న బందరు డాక్టరు మాత్రం డాక్టరే.

"ఏం పెద్దాయనా, ఏమిటి ఇబ్బంది?"

"ఆయాసమండీ," అన్నాడు కొడుకు. "రాత్రిళ్ళు తను పడుకోడు, మమ్మల్ని పడుకోనివ్వడు. తిన్న అన్నం తిన్లేదంటాడు."

ముసలాయన నోరు తెరిచాడు.

"నువ్వూరుకో నాన్నా. డాక్టరుగారితో నేను చెప్తున్నాగా!"

"పొలం రాయించుకునేటప్పుడు నా నోరే కావాల్సొచ్చింది కదరా నీకు!" అన్నాడు తిరుపతిరావు, గొడుగు పైకెత్తి.

హాలు గొల్లుమంది. మేడ మీద ఆ పొడుగాటి హాల్లో ఉన్నవాళ్ళందరూ తలపండిన ఫిజీషియన్లు. తమ తమ ఊళ్ళలో కుర్రడాక్టర్లకు పాఠాలు చెప్పేవాళ్ళు. ముసలివాళ్ళ వైద్యం అని విడిగా ఒకటుందనీ, దాన్ని అయిదు రోజులు నేర్చుకుని వెళ్ళి తామే నేర్పాలనీ కబురు వస్తే, సగంమంది నమ్మకం లేకుండానే విజయవాడ బస్సెక్కారు. ముసలితనానికి మందేమిటి, మన పిచ్చిగానీ అనుకుంటూ వచ్చినవాళ్ళు ఇప్పుడు పిల్లల్లా నవ్వుతున్నారు.

బోర్డు దగ్గర నిలబడ్డ డాక్టర్ గంగారత్నం నవ్వులు తగ్గేదాకా ఆగింది.

"డాక్టరుగారు చేసిన పొరపాటు ఎవరైనా చెప్తారా?"

నాడి చూడలేదన్నారొకరు. పేరడగలేదన్నారు ఇంకొకరు. గంగారత్నం తల అడ్డంగా ఊపి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. బంధువులు బయట ఉండాలి.

"కొడుకు మంచివాడే కావచ్చు. కూతురు ప్రాణం పెట్టేదే కావచ్చు. అయినా సరే, ముందు వాళ్ళని బయటికి పంపండి. ముసలివాళ్ళు తమ బాధని పిల్లల ముందు చెప్పరు. సిగ్గుపడతారు, భయపడతారు. పిల్లల్ని బాధపెట్టటం ఎందుకనుకుంటారు. మనం పిల్లల్ని అడిగి, పిల్లలు చెప్పింది రాసుకుని, 'వయసు' అని కింద గీత గీసేస్తాం."

వెనక వరసలో కూర్చున్న డాక్టర్ రామకోటేశ్వరరావుగారు మెల్లిగా తలాడించారు. ఆయన మద్రాసులో రిటైరైన ప్రొఫెసరు, తెనాలి వైపు మనిషి. ఆ వేసవిలో గంగారత్నం మద్రాసు వెళ్ళి ఈ చదువు నేర్చుకున్నది ఆయన దగ్గరే. శిష్యురాలు మొదటిసారి నేర్పుతుంటే చూద్దామని పనిగట్టుకుని వచ్చారు. ఈ అయిదు రోజులూ సవ్యంగా గడిస్తే కింద అంతస్తులో ముసలివాళ్ళ కోసం కొన్ని మంచాలు విడిగా ఇస్తామని ఆసుపత్రి ట్రస్టువాళ్ళు మాటిచ్చారు.

మధ్యాహ్నం భోజనానికి మెట్లు దిగుతుంటే అమలమ్మ ఎదురొచ్చి, "డాక్టరమ్మగారూ, మీ ఇంటి మనిషి క్యారేజీ తెచ్చాడండీ. గేటు దగ్గర బల్ల మీద కూర్చున్నాడు," అంది.

ఆ మనిషి పేరయ్య. గంగారత్నం తండ్రి.

రెండేళ్ళ కిందటి ఉప్పెనలో దివిసీమ అంచున వాళ్ళ పల్లె తుడిచిపెట్టుకుపోయింది. తల్లి దానమ్మ ఆ నీళ్ళలోనే పోయింది. పడవా పోయింది. తాటిచెట్టుని కరుచుకుని మిగిలిన పేరయ్యని గంగారత్నం పటమటలో తన అద్దె ఇంటికి తెచ్చుకుంది. ఆమెకి పెళ్ళి కాలేదు. చేపల వాళ్ళ పిల్ల, బందరులో హాస్టలులో ఉండి చదివి, డాక్టరై, నలభై ఏళ్ళకి నలుగురు డాక్టర్లకి పాఠం చెప్పే స్థితికి వచ్చేసరికి పెళ్ళి సంగతి ఎక్కడో దారిలో జారిపోయింది.

ఊరికే కూర్చుని తినటం పేరయ్యకి చేతకాదు. వంటమనిషి తెరేసమ్మ వండిన అన్నం క్యారేజీలో పెట్టించుకుని, ఎండైనా వానైనా తనే మోసుకొచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు గేటు దగ్గర అమలమ్మ, "డాక్టరమ్మగారింట్లో పనిచేస్తావా తాతా?" అని అడిగితే అవునన్నాడు. లుంగీ, భుజాన తువాలు, ఉప్పుగాలికి నల్లబడి పగిలిన ఒళ్ళు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ సంగతి గంగారత్నం చెవిన పడినప్పుడు మనసు చివుక్కుమంది. అమలమ్మతో రేపు చెబుదామనుకుంది. ఆ రేపు రాకుండానే ఏడాది కావస్తోంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి పేరయ్య వరండాలో గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. తెరేసమ్మ ఫినాయిలు పోసి వరండా కడుగుతోంది.

"మళ్ళీ పిల్లి వచ్చిందా?"

"ఏమోనమ్మగారూ. ఏ మాయదారి పిల్లో, రోజూ ఇక్కడే పాడుచేసి పోతంది," అంది తెరేసమ్మ. పేరయ్య వీధివైపు చూస్తున్నాడు.

గంగారత్నం గుమ్మంలో నిలబడింది. "నడుం ఎలా ఉందయ్యా?"

"బానే ఉందమ్మా."

"బిళ్ళలు వేసుకుంటున్నావా?"

"ఆ. ఏసుకుంటన్నా."

"లోపల పడుకోవచ్చుగా. దోమలు."

"ఇక్కడ గాలాడుద్దమ్మా. గోడల మజ్జన నాకు నిద్రట్టదు."

ఆమె సంచిలోంచి నొప్పిబిళ్ళల సీసా తీసి కిటికీ మీద పెట్టి లోపలికి వెళ్ళింది. తండ్రీకూతుళ్ళ మధ్య జరిగే వైద్యం అంతే. గుమ్మం ఇవతల నుంచి ఒక ప్రశ్న, అవతల నుంచి ఒక జవాబు. వాళ్ళింట్లో ముందునుంచీ అంతే. పేరయ్యకి జ్వరమొస్తే దానమ్మ చెప్పేది. కాలికి ముల్లు విరిగితే దానమ్మ చెప్పేది. గంగారత్నం డాక్టరయ్యాక కూడా తల్లి బస్సెక్కి వచ్చి, పక్కన కూర్చుని, చెవిలో గుసగుసగా చెప్పి, మందు పట్టుకెళ్ళేది. ఈడొచ్చిన కూతురు తండ్రి ఒంటి మీద చెయ్యి వెయ్యటం ఆ ఇంట్లో లేదు, ఆ పల్లెలో లేదు. దానమ్మ పోయాక తండ్రి మాట కూతురికి మోసుకొచ్చేవాళ్ళు లేకపోయారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. దాన్ని గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మూడో రోజు పొద్దున పాఠం, ముసలివాళ్ళ నొప్పుల గురించి. అందుకోసం వార్డులో ఒక పెద్దాయన్ని ముందుగా ఒప్పించి పెట్టుకున్నారు. తీరా చూస్తే తెల్లవారగానే ఆయన కొడుకులు వచ్చి, పదిమంది ముందు మా నాన్నని కూర్చోబెట్టి చూపిస్తారా అని గొడవచేసి ఇంటికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి మారుద్దామంది గంగారత్నం. రామకోటేశ్వరరావుగారు ఒప్పుకున్నారు. మధ్యాహ్నం అయింది. ఇంకో మనిషి దొరకలేదు. ఆయన కిందికి వెళ్ళి, కాసేపటికి వెనకాల ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చారు. ఆ ముసలాయన మెట్టుమెట్టుకీ గోడ పట్టుకుంటున్నాడు.

"బంగారంలాంటి మనిషిని గేటు దగ్గర పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు," అన్నారు ఆయన. "బల్ల మీంచి లేవటానికి ఈయన ఎంతసేపు తీసుకున్నాడో చూశాను. ఏమయ్యా, నీ ఒంట్లో సంగతి మా వాళ్ళకి చెప్తావా?"

"సెప్తానండీ. దాందేవుంది."

మొదటిరోజు రాసిన మాట వదిలి మిగతా బోర్డు తుడుస్తున్న గంగారత్నం వెనక్కి తిరిగింది.

"ఈయన మన డాక్టరమ్మగారింట్లో మనిషేనండీ. క్యారేజీ తెస్తుంటాడు," అంది అమలమ్మ.

పేరయ్య కూతురివైపు చూడలేదు. "అవునండీ. అమ్మగారింట్లో ఉంటానండీ," అన్నాడు.

ఆమె నోరు తెరవాల్సిన క్షణం అదే. తెరిచేలోపు తండ్రి అబద్ధం ఆడేశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆయన అబద్ధాలకోరవుతాడు, ఆమె ఏడాదిగా తండ్రిని పనివాడిగా చెలామణీ చేసిన కూతురవుతుంది. తెల్లకోట్లలో ఉన్న అంతమంది మొహాలు చూసి ఆమె సుద్దముక్క చేతిలో నలుపుకుంటూ ఉండిపోయింది.

"తిరుపతిరావుగారూ, మొన్న మీరు ముసలాయన. ఇవాళ డాక్టరు. రండి," అన్నారు రామకోటేశ్వరరావుగారు. "ముందుగా బంధువుల్ని బయటికి పంపాలి. నీకెవరైనా ఉన్నారా పేరయ్యా?"

"లేరండీ. ఉప్పెనలో పోయారండీ."

"అయితే పంపటానికి ఎవరూ లేరన్నమాట. కానివ్వండి."

తిరుపతిరావు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సముద్రం మనిషివా తాతా? మాది కంకిపాడు. మా అమ్మ పండుగప్ప పులుసు పెడితే నాలుగు వీధులకి వాసనొచ్చేది."

"కంకిపాడు దాకా వచ్చేసరికి అది సచ్చి రెండ్రోజులవుద్దండీ," అన్నాడు పేరయ్య. "నాలుగు వీధులకి వాసన రాక ఏం జేస్తది?"

హాల్లో అందరికంటే ఎక్కువ తిరుపతిరావే నవ్వాడు. పేరయ్య కూడా నవ్వాడు. తండ్రి అలా నవ్వగా గంగారత్నం చూసి రెండేళ్ళు దాటింది.

"నడుం నొప్పి ఎన్నాళ్ళబట్టి?"

"ఏడాది దాటిందండీ. ముందు నడుం. ఇప్పుడు ఎన్నుపూసంతా. కుడికాలు మొద్దుబారతంది."

"ఒంటేలు ధారాళంగా వస్తోందా?"

పేరయ్య హాలు ఒకసారి కలయజూశాడు. "ఆడోళ్ళున్నారండీ."

అమలమ్మ తెర వెనక్కి వెళ్ళింది. గంగారత్నం బోర్డువైపు తిరిగి, మొదటిరోజు రాసిన అక్షరాల మీదే సుద్దముక్క మళ్ళీ దిద్దుతున్నట్టు నిలబడింది.

"ఏం సెప్పమంటారు బాబూ. ఏరు సముద్రంలో కలిసేకాడ మొగ పూడిపోయినట్టుందండీ. లోపలేమో నీరు నిండుకొస్తది. బయటికి దారుండదు. సుక్కా సుక్కా. నాకు తెలవకుండానే లుంగీ తడుస్తది. మంచినీళ్ళు తాగటం తగ్గించా. టీ మానేశా. వరండాలో పడుకుంటన్నా. ఇంట్లో తడిస్తే ఆ తల్లి మొకం ఎట్టా సూసేది?"

"ఆ తల్లి డాక్టరేగా! ఆవిడకి చెప్పలేదా?"

"ఆడకూతురండీ. ఆవిడకి ఎట్టా సెప్తాం?"

"మరి మందులెవరిచ్చారు నీకు?"

వెనక బల్ల కిర్రుమంది. తర్వాత పేరయ్య గొంతు వినిపించింది. "బజార్లో అడిగి ఏసుకున్నానండీ. నొప్పిబిళ్ళలు."

"అదీ సంగతి," రామకోటేశ్వరరావుగారు లేచి అందరివైపు తిరిగారు. "నడుం నొప్పి అన్నాడు, నొప్పిబిళ్ళ ఇచ్చారు. బజారువాడికి అంతకన్నా తెలీదు, వాణ్ణి అని లాభంలేదు. కానీ మనలో ఎవరైనా ఏడాదిపాటు ఈ మనిషి కడుపు మీద చెయ్యి పెట్టకుండా బిళ్ళలు రాసుంటే, అది వైద్యం కాదు. నేరం. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు.

పేరయ్యని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. డాక్టర్లు ఒక్కొక్కరే చేతులు కడుక్కుని వచ్చి, పొత్తికడుపు మీద చెయ్యి ఆనించి, తట్టి చూసి, తలపంకించి పక్కకి తప్పుకున్నారు. కొందరు అయ్యో అన్నారు. పేరయ్య కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అన్ని చేతులు తగులుతున్నా ముడుచుకోలేదు.

"గంగారత్నం, నువ్వూ చూడమ్మా," అన్నారు రామకోటేశ్వరరావుగారు.

ఆమె చేతులు కడుక్కుంది. తడి తుడుచుకుంది. బల్ల దగ్గరికి వచ్చి, బొడ్డు కింద అరచెయ్యి ఆనించింది. నిండు బిందె మీద గుడ్డ కప్పినట్టుంది. ఎంత మొద్దుచేతికైనా తెలుస్తుంది. వైద్యం చదవని తెరేసమ్మ చెయ్యి పెట్టినా, ఇదేంటమ్మా ఇట్లా ఉందనేది. ఆమె చెయ్యి కింద పేరయ్య కడుపు ఒక్కసారి బిగుసుకుంది. కళ్ళు తెరవలేదు గానీ, ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలిసింది.

తర్వాత తెర వేశారు. రామకోటేశ్వరరావుగారు ఒక్కరే చేతికి తొడుగు వేసుకుని లోపలికి వెళ్ళారు. బయటికి వచ్చేసరికి ఆయన మొహంలో పాఠం చెప్పే ఉత్సాహం లేదు.

"ప్రోస్టేటు రాయిలా ఉంది," అన్నారు మెల్లిగా.

గొట్టం వేసి నీరు తీశారు. వార్డులో చివరి మంచం మీద పేరయ్య చాలా నెలల తర్వాత పగటిపూటే గాఢంగా నిద్రపోయాడు. సాయంత్రానికి ఎక్స్‌రే వచ్చింది. రామకోటేశ్వరరావుగారు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. గంగారత్నం కూడా చూసింది. ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. వెన్నెముక పొడుగునా తెల్లటి మచ్చలు. క్యాన్సరు ఎముకల్లోకి దిగిపోయింది.

"ఏడాది కిందట పట్టుకునుంటే కొన్నేళ్ళు చెప్పేవాణ్ణి. ఇప్పుడు నెలలే. ఆపరేషను చేస్తే నొప్పి తగ్గుతుంది. ఎవరూ లేరన్నాడు కదా, సంతకం ఎవరు పెడతారు? నువ్వేమైనా పెడతావా, మీ ఇంట్లో మనిషే కాబట్టి?"

"నేనే పెట్టాలండీ," అంది గంగారత్నం. "ఆయన మా నాన్న."

ఎక్స్‌రే బల్ల మీద పెట్టి ఆయన కళ్ళజోడు తీశారు. కింద రోడ్డు మీద రిక్షా బెల్లు మోగుతోంది.

"బిళ్ళలు?"

"బజార్లోవి కావు."

"నేను క్లాసులో అన్న మాటలు…"

"అనాల్సినవేనండీ."

ఆయన తుడవక్కర్లేని కళ్ళజోడు చాలాసేపు తుడిచారు. "అంత బాగా అబద్ధమాడే పేషెంటుని నేను చూళ్ళేదమ్మా," అన్నారు చివరికి.

పొద్దుటికల్లా సంగతి అందరికీ తెలిసింది. ఆయనే చెప్పారో, సంతకం చూసి అమలమ్మే చెప్పిందో. గంగారత్నం వచ్చేసరికి పేరయ్యని జనరల్ వార్డులోంచి మార్చి స్పెషల్ గదిలో పెట్టారు. ఉతికిన దుప్పటి మెడదాకా కప్పారు. బల్ల మీద బత్తాయిలున్నాయి. గేటు దగ్గర ఏడాదిపాటు తాతా అని పిలిచిన అమలమ్మ, ఇప్పుడు "కాఫీ తీసుకుంటారాండీ?" అని అడుగుతోంది.

డాక్టర్లు ఒకరి వెనక ఒకరు వచ్చి చేతులు జోడించారు.

"నమస్కారం పేరయ్యగారూ," అన్నాడు తిరుపతిరావు. ఆ మాట ఆయన నోట్లో ఇమడటం లేదు. వెంటనే గంగారత్నం వైపు తిరిగాడు. "రాత్రి నిద్ర పట్టిందా మేడమ్, వారికి?"

"నొప్పి ఏమైనా తగ్గిందా మేడమ్?" అన్నాడు ఏలూరు డాక్టరు.

"కాలు కదుపుతున్నారా?" అన్నాడు ఇంకొకాయన, ఆమెతోనే.

పేరయ్య ఒక నోటినుంచి ఇంకో నోటికి చూస్తున్నాడు. రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. ఎవరూ దుప్పటి తొలగించలేదు. డాక్టరుగారి తండ్రి దుప్పటి ఎలా తొలగిస్తారు? నమస్కారాలు పెట్టి, ధైర్యంగా ఉండండి అని చెప్పి వెళ్ళిపోయారు.

తలుపు పడ్డాక పేరయ్య అన్నాడు. "ఎందుకు సెప్పావమ్మా?"

"చెప్పకుండా ఎన్నాళ్ళయ్యా?"

"నేనే కదా దాసిపెట్టింది. నువ్వు దాసావని ఎవురన్నారు?" ఆయన గొంతులో ఎన్నడూ లేని కోపం. "నిన్న కూలోణ్ణి. నా ఒంటి సంగతి నన్నడిగారు. ఆ కంకిపాడు డాట్రు నాతో పరాసికాలాడాడు. మీ అమ్మ పోయాక అంతసేపు మాట్టాడింది నిన్ననే. ఇయ్యాళ నేను నీ బాబుని. నన్నొదిలేసి నిన్నడుగుతన్నారు."

గంగారత్నం మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "ఒక్క మాట నాతో చెప్పి ఉంటే…"

"మీ అమ్ముంటే సెప్పేది," అన్నాడు పేరయ్య. అని గోడవైపు తిరిగాడు. "నువ్వూ అడగలేదుగా."

ఆ రోజంతా ఆమె పాఠాలు చెప్పింది. ఆహారం, నిద్ర, మతిమరుపు. మద్రాసులో రాసుకొచ్చిన కాగితాలు చూసి చెప్పింది. గుమ్మంలో నిలబడి నడుం ఎలా ఉందని అడిగినప్పుడల్లా తను అడిగాననే అనుకుంది. ఇప్పుడు ఆ ప్రశ్నలన్నీ ఒకటొకటిగా గుర్తొస్తుంటే, ఒక్కదానికీ ఆమె ఆగి జవాబు విన్నట్టు లేదు.

చివరిరోజు పరీక్ష. ప్రతి డాక్టరూ ఒక ముసలి పేషెంటుతో మాట్లాడి, ఒళ్ళు చూసి, అది తన విద్యార్థులకి ఎలా నేర్పుతాడో చేసి చూపాలి. తిరుపతిరావు వంతుకి పేషెంటుగా పేరయ్యనే పెడదామని గంగారత్నం అంటే రామకోటేశ్వరరావుగారు వద్దన్నారు. "ఎందుకమ్మా, ఆయన్ని మళ్ళీ…"

"ఆయన్ని అడిగానండీ. రమ్మన్నాడు."

నిజంగానే అడిగింది. ఈసారి గుమ్మంలో కాదు, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అడిగింది. పేరయ్య బల్ల మీది బత్తాయి ఒకటి తీసుకుని చేతిలో తిప్పాడు. ఆఖరికి, "ఆ పండుగప్ప డాట్రునైతే రమ్మను," అన్నాడు.

తిరుపతిరావు, ఇంకో ముగ్గురు డాక్టర్లు, రామకోటేశ్వరరావుగారు గదిలోకి వచ్చారు. గంగారత్నం మంచం తలవైపు నిలబడి ఉంది. తిరుపతిరావు కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"పేరయ్యగారికి… వారికి రాత్రి ఎలా ఉంది మేడమ్?"

పేరయ్య కళ్ళు మూసుకున్నాడు.

"తిరుపతిరావుగారూ," అంది గంగారత్నం, "మొదటిరోజు బోర్డు మీద ఏం రాశానో గుర్తుందా?"

తిరుపతిరావు తలెత్తి చూశాడు. గుర్తున్నట్టే ఉంది. "మీరు బంధువులేమిటి మేడమ్, మీరు డాక్టరు కదా!"

"ఈ గదిలో కాదండీ."

ఆమె వంగి, తండ్రి మెడదాకా ఉన్న దుప్పటిని నడుందాకా మడిచింది. ఆయన కళ్ళు తెరిచి చూశాడు. ఆమె మడత సరిచేసింది. బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

వరండాలో ఎండ పడుతోంది. గోడవారగా రోగుల తాలూకు మనుషులు చతికిలబడి ఉన్నారు. ఒకామె విస్తట్లో ఇడ్లీ పొట్లం విప్పుకుంటోంది. డాక్టరమ్మని చూసి లేవబోయారు. వద్దని చేత్తో సైగచేసి, గంగారత్నం వాళ్ళ పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది.

లోపల్నుంచి ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత తిరుపతిరావు ఏదో అన్నాడు. పేరయ్య దానికి బదులేదో అన్నాడు. ఒక్కసారిగా నవ్వులు. అందరూ నవ్వారు, పేరయ్య నవ్వు అందరికంటే చివర ఆగింది. ఆ తర్వాత గొంతులు తగ్గిపోయాయి. చాలాసేపు పేరయ్య ఒక్కడే మాట్లాడాడు. ఆగి ఆగి, పడవ లాగేటప్పుడు ఊపిరి తీసుకున్నట్టు తీసుకుంటూ మాట్లాడాడు. మధ్యలో ఏదో అడిగాడు. అడుగుతున్నాడని గొంతు తీరునిబట్టి తెలుస్తోంది, మాటలు తెలియటం లేదు. జవాబు చెప్పటానికి లోపల అంతమంది డాక్టర్లున్నా, ఎవరూ వెంటనే పలకలేదు. తర్వాత రామకోటేశ్వరరావుగారి గొంతు, మెల్లిగా, చాలా మెల్లిగా.

ఇడ్లీ తింటున్నామె, "లోపల మీవాళ్ళాండీ?" అని అడిగింది.

"మా నాన్న," అంది గంగారత్నం.

తలుపు తెరుచుకుంది. డాక్టర్లు తలలు దించుకుని ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. తిరుపతిరావు అందరికంటే ఆఖరున వచ్చి, రుమాలుతో మొహం తుడుచుకుని, ఆమె ఎదురుగా ఆగాడు. వీపు వంచకుండానే ఇప్పుడాయన ముసలాయనలా ఉన్నాడు.

"బాగా చేశారా పరీక్ష?" అంది ఆమె.

"నేనేం చెయ్యలేదు మేడమ్. ఆయనే చెప్పారు. అంతా."

"ఏమడిగాడు?"

తిరుపతిరావు నేలచూపులు చూశాడు. "అది… మీతో చెప్పొద్దన్నారండీ."

ఆమె తల ఊపింది. క్లాసులో నేర్పేదీ అదే. పేషెంటు వద్దన్నమాట బంధువులతో చెప్పకూడదు. ఆయనకి పూర్తి మార్కులు ఇవ్వాలి. తిరుపతిరావు రుమాలు మడిచి జేబులో పెట్టుకుని మెట్లవైపు వెళ్ళిపోయాడు.

తలుపు సగం తెరిచే ఉంది. అందులోంచి మంచం కాళ్ళు, వేలాడుతున్న దుప్పటి అంచు, కింద గొట్టానికి కట్టిన సీసా కనిపిస్తున్నాయి. గంగారత్నం గోడకి ఆనుకునే ఉంది. లోపలినుంచి పిలుపు వస్తుందేమోనని చాలాసేపు అక్కడే నిలబడింది.